రెండో నదికి వెళ్లేముందు: అందరినీ ఎక్కించుకునే రాఫ్టింగ్ సంస్థలో ముందుగా ఏం పెరగాలి?

#1 తెడ్డు చప్పుడు

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు. కాస్త పొడవుగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

లాభాపేక్ష లేని ఒక చిన్న సంస్థలో ట్రిప్పుల ఏర్పాట్లు చూస్తాను. వైకల్యం ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ ఒకే రాఫ్టులో, అంటే గాలి నింపిన పెద్ద పడవలో, నదిమీదికి తీసుకెళ్లడం మా పని. మొదలుపెట్టినప్పుడు అరువు తెచ్చుకున్న ఒక రాఫ్టు, ఇద్దరు గైడ్లు, ఒక వ్యాను ఉండేవి. తొమ్మిదేళ్లయింది. ఇప్పుడు సొంతానివే నాలుగు రాఫ్టులు. సీజన్‌లో ఒక్క వారాంతం కూడా ఖాళీ ఉండదు. పేరు రాయించుకున్న చాలామందికి ‘వచ్చే ఏడాది చూద్దామండీ’ అని చెప్పాల్సి వస్తోంది. ఆ ఫోన్లు చేసేది నేనే కాబట్టి ఆ మాట బరువు నాకు తెలుసు.

ఇప్పుడు ఒక దాత రెండు కొత్త రాఫ్టులు, వాటిని లాగే ట్రైలరు ఇస్తామంటున్నారు. రెండేళ్లలో ట్రిప్పులు రెట్టింపు చేయాలి, రెండో నది మీద కూడా మొదలుపెట్టాలి, అదీ షరతు. బోర్డులో ఎక్కువమంది సరేనన్నారు. నాకే మింగుడుపడటం లేదు. కాదనడానికి నా దగ్గర లెక్కలేవీ లేవు, ఒక ఉదయం ఉంది.

పోయిన సీజన్‌లో ఒకరోజు రెండు బృందాల్ని ఒకేసారి దించాం. అంతకుముందెప్పుడూ అలా చేయలేదు. వ్యాను ఆగిన చోటు నుంచి నీటి అంచుదాకా ముప్పై అడుగులు ఉంటుందేమో, అంతా గులకరాళ్లు. ఆ ముప్పై అడుగులు దాటించడానికి గంటన్నర పట్టింది. ఆరుగురు వీల్‌చైర్లలో ఎండలో ఎదురుచూశారు. ఆలస్యమైపోతోందని ఒకాయన్ని నలుగురం కలిసి ఎత్తి రాఫ్టులో కూర్చోబెట్టాం. ఎలా ఎత్తమంటారో ఆయన్ని అడగలేదు. కూర్చున్నాక ఆయన ఒకే మాటన్నారు: ‘సామాను కూడా ఇలాగే ఎక్కిస్తారు కదా.’

ఆ రోజు నదిమీద చిన్న పొరపాటు కూడా జరగలేదు. ఫొటోల్లో అందరూ నవ్వుతున్నారు. ఆయన మాత్రం మళ్లీ రాలేదు. రెండుసార్లు ఫోన్ చేశాను, మర్యాదగానే వద్దన్నారు.

ఇలాంటి సంస్థ పెద్దదవుతున్నప్పుడు ముందు ఏది పెరగాలి? మీలో గైడ్లున్నారు, ఇలాంటి ట్రిప్పులకు వెళ్లినవాళ్లున్నారు, ట్రస్టులు నడిపినవాళ్లున్నారు. చెప్పండి.

#2 పాత గైడు

ఇస్తానన్న రాఫ్టుల్ని వద్దనకండి. వాణిజ్య కంపెనీల్లో పద్నాలుగు సీజన్లు చేశాను. సరైన పరికరం లేకుండా మంచి మనసు ఒక్కటే పెట్టుకుని నదిలోకి దిగితే అది ప్రమాదం. కాకపోతే ఎలాంటి రాఫ్టులు కావాలో మీరే అడగాలి.

మామూలు తెడ్ల రాఫ్టులో అందరూ తెడ్డు వేస్తేనే బండి నడుస్తుంది. మధ్యలో ఫ్రేము బిగించి, గైడు పొడవాటి రెండు ఓర్లతో, అంటే ఫ్రేముకి బిగించిన పెద్ద తెడ్లతో, తిప్పుకునే రాఫ్టులో ఎవరూ ఏమీ చేయక్కర్లేదు, హాయిగా కూర్చోవచ్చు. మీకు కావలసింది ఈ రెండింటికీ మధ్యది. ఫ్రేమును వెనక్కి జరిపి బిగిస్తే ముందున్నవాళ్లు ఓపికున్నంతసేపు తెడ్డేస్తారు, అలిసిపోతే ఆపేస్తారు, గైడు ఓర్లతో సర్దుకుంటాడు. ఎవరి బలహీనత ఎవరిమీదా భారం కాదు. ఇక నీళ్లు వాటంతటవే బయటికి పోయే సెల్ఫ్ బెయిలింగ్ అడుగు తప్పనిసరి. కాళ్లలో స్పర్శ లేని మనిషి చల్లని నీళ్లలో కాళ్లు నానుతున్నా తెలియక గంటలు కూర్చుంటాడు.

రెండో నది సంగతి. తరగతి నంబరు ఒక్కటే చూసి నిర్ణయించకండి. ఒకటి నుంచి ఆరు దాకా ఉండే అంతర్జాతీయ కొలమానం నీటి కష్టం చెబుతుంది. నీరు బాగా చల్లగా ఉన్నా, సాయం అందనంత దూరంలో ఉన్నా ఒక తరగతి పెంచి లెక్కేసుకోమని పాతవాళ్లు చెప్పేవారు. మీ బృందాలకు ఆ మాట ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

మొత్తానికి నా ఓటు పెరగడానికే. ‘వచ్చే ఏడాది’ అనిపించుకున్న ప్రతివాళ్లూ వచ్చే ఏడాదిదాకా ఓపికతో ఉండలేరు. కొందరికి ఆరోగ్యం అంత సమయం ఇవ్వదు.

#3 రెండు చక్రాలు

ఆ ఉదయం గురించి దాచకుండా రాసినందుకు తెడ్డు చప్పుడు గారికి ముందుగా నమస్కారం.

వెన్నుపూస దెబ్బతిన్నాక నాకు నడుము కింద స్పర్శ లేదు. ఇలాంటి ట్రిప్పుకే మొదట ప్రయాణికుడిగా వెళ్లాను. ఇప్పుడు ఇంకో సంస్థలో గైడు శిక్షణ మూడో ఏడు. ఆ ‘సామాను’ మాట అన్న పెద్దమనిషి నేను కాదుగానీ, నేనూ అనగలిగినవాణ్నే.

రాఫ్టులో అందరూ కూర్చునే ఉంటారు. అక్కడ నేను ఎవరికీ తీసిపోను. రోజూ చక్రాలు తోసే భుజాలు నావి, తెడ్డు వేయడంలో కొందరికంటే నేనే నయం. నది నన్నెప్పుడూ తక్కువ చేయలేదు. తక్కువ చేసేది ఒడ్డు. వ్యాను దిగిన దగ్గర్నుంచి రాఫ్టు ఎక్కేదాకా, మళ్లీ రాఫ్టు దిగి బట్టలు మార్చుకునేదాకా నేను నలుగురి చేతుల్లో ఉంటాను.

ఒక కొలత చెబుతాను. రాఫ్టు అంచున గాలి నిండి ఉండే ట్యూబు ఎత్తూ, వీల్‌చైర్ సీటు ఎత్తూ దాదాపు ఒకటే, రెండూ ఇరవై అంగుళాల దరిదాపుల్లో ఉంటాయి. కుర్చీని ట్యూబుకి ఆనించి నిలిపితే చాలామందిని ఎత్తడమే అక్కర్లేదు. ఒక జారుడుపలక వేస్తే మేమే పక్కకి జరుగుతాం. కానీ ఎక్కడ చూసినా రాఫ్టుని నీళ్లలో తేలనిచ్చి, మనిషిని దాని దగ్గరికి మోస్తారు. తిరగేయండి. గట్టినేల మీద కుర్చీ వెళ్లగలిగినంత దూరం కుర్చీ వెళ్లాలి. మిగతా దూరం రాఫ్టు రావాలి. మేం ఎక్కాక నున్నటి చాప మీద రాఫ్టుని నీళ్లలోకి జరపండి. మోసే చేతులు అవే, మోసేది మాత్రం మనిషిని కాదు.

కాబట్టి నా జవాబు: ముందు ఒడ్డు పెరగాలి. రెండు రాఫ్టులొచ్చి ట్రిప్పులు రెట్టింపైతే ఒడ్డున పని కూడా రెట్టింపవుతుంది. ఒడ్డు అలాగే ఉంటే ఆ ఉదయం ప్రతి వారం వస్తుంది.

#4 ఫిజియో గది

రెండు చక్రాలు గారు చెప్పిన కొలతని నేను శిక్షణ తరగతిలో వాడుకుంటాను, అనుమతి ఇవ్వండి.

ఫిజియోథెరపిస్టుని, ఇలాంటి ట్రిప్పులకు వాలంటీరుగా వెళ్తుంటాను. మనుషులు ఎక్కువయ్యేకొద్దీ ముందుగా జారిపోయేవి చిన్న చిన్న సంగతులు. ఎనిమిది మందికి నోటిమాట సరిపోతుంది, ఇరవైమందికి కాగితం మీద రాసుండాలి.

వెన్నుపూసలో ఛాతీ ఆరో పూస, అంటే టీ6, దానికి పైన దెబ్బతిన్నవాళ్లకు ఒంటి వేడిని సర్దుకునే శక్తి తగ్గిపోతుంది. చెమట సరిగా పట్టదు, వణుకూ సరిగా రాదు. కాబట్టి ఎండలో నిరీక్షణ, చల్లని నీళ్లు రెండూ ప్రమాదమే. వీళ్లలోనే ఇంకొకటి ఉంటుంది, ఆటోనోమిక్ డిస్‌రిఫ్లెక్సియా. మూత్రసంచి గొట్టం మెలిపడటం, లైఫ్ జాకెట్ పట్టీ మరీ బిగుసుకోవడం లాంటి చిన్న కారణంతో రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. తలపోటు, మొహం ఎర్రబడటం కనిపిస్తే వెంటనే నిటారుగా కూర్చోబెట్టాలి, బిగుతుగా ఉన్నవి వదులు చేయాలి, కారణం వెతికి తీసేయాలి. తగ్గకపోతే అది అత్యవసరం. నదిమీద ఉన్న ప్రతి గైడుకీ ఇది తెలిసుండాలి.

రాఫ్టు అడ్డట్యూబు మీద వట్టిగా కూర్చుంటే ఒత్తిడి పుండ్లు వస్తాయి. వాళ్ల కుర్చీలో వాడే మెత్త లాంటిది కింద ఉండాలి, పావుగంటకో అరగంటకో బరువు మార్చుకోమని గుర్తుచేయాలి. ఒక్క పుండు మానడానికి నెలలు పట్టొచ్చు. ఒక రోజు సంబరానికి అది చాలా పెద్ద మూల్యం.

చాలామందికి తట్టనిది ఒకటుంది. స్పైనా బైఫిడాతో, అంటే వెన్నెముక పూర్తిగా మూసుకోని లోపంతో, పుట్టినవాళ్లలో లేటెక్స్ (సహజ రబ్బరు) అలర్జీ ఎక్కువ. చలినుంచి కాపాడే డ్రైసూట్‌కి మెడ దగ్గర, మణికట్టు దగ్గర ఉండే పట్టీలు తరచుగా లేటెక్స్‌వే. ప్రథమచికిత్స పెట్టెలోని చేతితొడుగులూ చూసుకోండి. నియోప్రీన్ (కృత్రిమ రబ్బరు) పట్టీలున్న సూట్లు దొరుకుతాయి. కొత్తవి కొనేటప్పుడే అవి కొనండి.

#5 కొత్త తెడ్డు

తెలియక అడుగుతున్నాను, తప్పైతే మన్నించండి. నడుము నిలబడనివాళ్లని రాపిడ్‌లో, అంటే నీళ్లు ఉధృతంగా దూకేచోట, పడిపోకుండా సీటుకి బెల్టుతో కట్టేస్తే సరిపోదా?

#6 పాత గైడు

అడిగి మంచి పని చేశారు తమ్ముడూ, ప్రతి కొత్త వాలంటీరుకీ ఈ ఆలోచన వస్తుంది. కట్టకూడదు. ఎప్పుడూ, ఎవర్నీ, ఎంత చిన్న రాపిడ్ అయినా సరే. రాఫ్టు తిరగబడితే కట్టేసిన మనిషి తలకిందులుగా నీళ్లలో ఉండిపోతాడు. నీళ్లలో పడటం మామూలు సంగతి, పట్టుబడిపోవడం ప్రాణం తీస్తుంది.

ఆసరా ఇవ్వొచ్చు. వీపుకి ఆనుడు, పక్కలకి మెత్తలు, అవసరమైతే పక్కన ఒక మనిషి. పడితే శుభ్రంగా విడిపడి బయటికి రావాలి, అదీ కొలత. కృత్రిమ కాలు పెట్టుకున్నవాళ్ల విషయంలో కూడా ఇదే జాగ్రత్త. రాఫ్టు అడుగున పాదం దూర్చుకునే తొడుగులుంటాయి కదా, అందులో ఆ పాదం ఇరుక్కుంటే మనిషికి తెలియదు.

ఇంకొకటి. బయల్దేరేముందు నిలకడ నీళ్లలో ప్రతివాళ్లనీ జాకెట్‌తో తేలించి చూడండి. కాలు లేనివాళ్లు ఒక పక్కకి ఒరుగుతారు, కండరాల బిగువు ఉన్నవాళ్లు బోర్లా తిరగొచ్చు. అమెరికా లెక్కలో ‘మూడో రకం’ అనే మామూలు జాకెట్ సుమారు ఏడు కిలోల తేలుడు బలం ఇస్తుంది, పెద్ద నదుల జాకెట్లు దాదాపు పది కిలోలు ఇస్తాయి. ఎవరికి ఏది కావాలో నీళ్లే చెబుతాయి.

#7 ఒడ్డున అమ్మ

నేను గైడుని కాదు, ట్రస్టు మనిషిని కాదు. ఆటిజం ఉన్న పదహారేళ్ల అబ్బాయి తల్లిని.

మొదట మేం అడిగిన ఒక సంస్థ పేరు చెప్పను. వాళ్లు ఆరు పేజీల ఫారం పంపారు, నిండా రోగాల పేర్లు. టిక్కులు పెట్టుకుంటూ పోతుంటే నా కొడుకు గురించి రాస్తున్నట్టే అనిపించలేదు. పంపాక ‘మా ఇన్సూరెన్స్ ఒప్పుకోదు’ అని ఒక వాక్యం వచ్చింది.

రెండో సంస్థలో ఒకమ్మాయి ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు అడిగింది. ఆసరా లేకుండా కూర్చుంటాడా? మాట వినగానే పని చేయడానికి ఎంతసేపు పడుతుంది? భయం వేస్తే ఏం చేస్తాడు? అప్పుడు ఎలా ఊరడిస్తారు? ఆ నాలుగింటికీ జవాబులు చెబుతుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లలో వాడు ఏం చేయగలడో అడిగినవాళ్లు తక్కువ.

ఆ తర్వాత వాళ్లు ఆ రోజు జరిగే క్రమాన్ని ఫొటోలుగా పంపారు. వ్యాను, హెల్మెట్, రాఫ్టు, మొదటి మలుపు, తిరిగి ఒడ్డు. ఒక లైఫ్ జాకెట్ వారం ముందే ఇంటికి పంపారు. వాడు దాన్ని తొడుక్కునే పడుకున్నాడు. గాలిపంపు చప్పుడు వాడికి పడదని చెప్తే, మేం వెళ్లేలోపే రాఫ్టులన్నీ నింపి ఉంచారు. నదిమీద వాడు అరుస్తాడేమోనని నేను వణికాను. వాడు అరిచాడు, సంతోషంతో.

తెడ్డు చప్పుడు గారూ, మీరు ట్రిప్పులు రెట్టింపు చేసినప్పుడు ఆ ఫోన్ చేసే అమ్మాయికి ఒక్కో ఇంటికి ఎంత సమయం మిగులుతుంది? అది కూడా లెక్కలో వేసుకోండి.

#8 తెడ్డు చప్పుడు

ఒడ్డున అమ్మ గారూ, మీ ప్రశ్న చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మా దగ్గర ఆ ఫోన్లు చేసేది నేనొక్కణ్నే. ఎవరికీ అది లెక్కలో లేదు, నాకు కూడా.

#9 పద్దుల పుస్తకం

రెండు ధార్మిక సంస్థల ఖాతాలు చూస్తాను. ఇక్కడ నేను చెప్పగలిగింది డబ్బు సంగతే.

రాఫ్టు ఉచితంగా వస్తుంది. దాన్ని దాచే చోటు, ప్రతి సీజన్ మరమ్మతు, ట్రైలరు బీమా, రెండో వ్యాను, అదనపు గైడ్ల జీతాలు, వాళ్ల రెస్క్యూ శిక్షణ ఉచితంగా రావు. వస్తువు ఇచ్చే దాతలు చాలామంది దొరుకుతారు, జీతం ఇచ్చే దాత దొరకడం కష్టం. సంస్థలు సాధారణంగా ఇక్కడే కూలబడతాయి. ఒక పెద్ద విరాళంతో ఎదుగుతాయి, ఆ ఎదుగుదలని నిలబెట్టే రోజువారీ డబ్బు ఉండదు. పైగా మీది సీజన్ వ్యాపారం. నది ఎండిపోయినా, డ్యాం నీళ్లు వదలకపోయినా ట్రిప్పులు ఆగుతాయి, ఖర్చులు ఆగవు. ఒక సీజన్ మొత్తం పోయినా నడవగలిగే నిల్వ ఉంటే తప్ప రెండో నది పేరెత్తొద్దు.

ఇంకో మాట, చాలామందికి నచ్చదు. అన్నీ ఉచితంగా పెట్టకండి. కట్టగలిగినంత కట్టమనండి, కట్టలేనివాళ్లకి నిధి నుంచి సాయం చేయండి.

#10 రెండు చక్రాలు

పద్దుల పుస్తకం గారి ఆఖరి మాట నాకు నచ్చింది. ఉచితంగా వెళ్లిన ట్రిప్పులో నా కుర్చీ చక్రం వంచేశారు. నోరెత్తలేదు. దానం పుచ్చుకున్నవాడు ఏమని అడుగుతాడు? మరుసటి ఏడాది కొంత డబ్బు కట్టి వెళ్లాను. ఆ ఏడాది బట్టలు మార్చుకునే గుడారానికి గడప ఉందని ఫిర్యాదు చేశాను. తీసేశారు. ఆ తర్వాత ఆ గుడారంలోకి అందరూ తేలిగ్గా వెళ్లొస్తున్నారు.

#11 పాత గైడు

నా మొదటి జవాబు కొంచెం మార్చుకుంటున్నాను. రాత్రి కూర్చుని ఈ రంగంలో పాత సంస్థలు ఎలా పెరిగాయో ఆలోచించాను. నాకు మూడు దారులు కనిపించాయి, మూడూ అమెరికావే.

శాన్‌ఫ్రాన్సిస్కో కేంద్రంగా పనిచేసే ఎన్విరాన్‌మెంటల్ ట్రావెలింగ్ కంపానియన్స్ 1970ల తొలినాళ్ల నుంచి ఉంది. వాళ్ల రాఫ్టింగ్‌కి ఇల్లు లాంటిది సౌత్ ఫోర్క్ అమెరికన్ నది. మూడో తరగతి రాపిడ్లు, పైనున్న డ్యాములు వదిలే నీటిని బట్టి ట్రిప్పులు. ఏళ్ల తరబడి అదే నదికి, అదే ఒడ్డుకి వెళ్లారు. పెరిగినప్పుడు సముద్రంలో కయాకింగ్ (ఒకరిద్దరు కూర్చునే సన్నటి మూతపడవలో వెళ్లడం), మంచుమీద స్కీయింగ్ చేర్చుకున్నారు. నది మాత్రం చేతిలో రేఖలా తెలిసిన నది.

మిన్నెసోటాలో విల్డర్‌నెస్ ఇంక్వైరీ 1978లో మొదలైంది. వాళ్లవి ఎక్కువగా కానూ (పైన మూత లేని పొడవాటి సన్నటి పడవ) యాత్రలు. వైకల్యం ఉన్నవాళ్లకి విడిగా ఒక బృందం అని కాకుండా, ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కలిసి వెళ్లడమే మొదట్నుంచీ వాళ్ల పద్ధతి. తర్వాత ఇరవైనాలుగు అడుగుల పెద్ద కానూలని ట్రైలర్ల మీద నగరాలకే తీసుకెళ్లి పిల్లల్ని ఎక్కించారు. రెండు చక్రాలు గారి మాటే అది, మనిషిని పడవ దగ్గరికి రమ్మనకుండా పడవే మనిషి దగ్గరికి పోయింది.

టీమ్ రివర్ రన్నర్ 2004లో వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో గాయపడ్డ సైనికుల కోసం పుట్టింది. కయాకింగ్‌ని ఈతకొలనులో మొదలుపెడతారు. కొలను ఎక్కడైనా ఉంటుంది, ఖర్చు తక్కువ, కాబట్టి వాలంటీర్ల మీద ఆధారపడి దేశమంతా శాఖలు వేసుకోగలిగారు.

మూడింట్లోనూ నాకు కనిపించింది ఇది. మొదటివాళ్లు ఒడ్డుని గట్టిచేసుకున్నారు, రెండోవాళ్లు ఒడ్డుని మోసుకెళ్లారు, మూడోవాళ్లు ఒడ్డుతో పనిలేని చోట మొదలుపెట్టారు. మీ దాత అడుగుతున్నది ఈ మూడింట్లో ఏదీ కాదు. కొత్త నది, కొత్త ఒడ్డు, రెట్టింపు మనుషులు, అన్నీ ఒకేసారి.

#12 చేతులతో మాట

వినికిడి లేనివాళ్ల తరఫున ఒక మాట. ఒడ్డు మా సమస్య కాదు, నడిచి వెళ్లి ఎక్కేస్తాం. మాకు కష్టం రాఫ్టులోనే. అందరికీ ఒకే అడ్డంకి ఉంటుందనుకోకండి.

గైడు వెనక కూర్చుని ఆదేశాలు అరుస్తాడు, తెడ్డేసేవాళ్లు ముందుకి చూస్తుంటారు. మాకు గైడు కనపడడు. వినికిడి యంత్రాలు, కాక్లియర్ ఇంప్లాంట్ బయటి భాగం నీళ్ల భయంతో తీసి దాచుకుంటాం. ఒడ్డున కాస్త వినగలిగిన మనిషి కూడా రాఫ్టులో ఏమీ వినలేడు. మా బృందం ఇలా చేసింది: గైడు అడుగున కాలితో తాటించి కొడితే ఆ అదురు గాలి నింపిన రాఫ్టంతా తెలుస్తుంది, ఒకటి అంటే ముందుకి, రెండంటే ఆపు. వెనకవాళ్లు ముందువాళ్ల భుజం తడతారు. ఇదంతా నిలకడ నీళ్లలో పది నిమిషాలు సాధన చేశాం.

నిజానికి నదిమీద సంజ్ఞలు ముందునుంచే ఉన్నాయి. తెడ్డు నిటారుగా ఎత్తితే రావచ్చని, తలపైన అడ్డంగా పట్టుకుంటే ఆగమని. హోరులో ఎవరికీ ఎవరి మాటా వినపడదు కాబట్టి గైడ్లు ఎప్పుడో కనిపెట్టారు. మా రాఫ్టులో వినేవాళ్లు వాటిని నేర్చుకోవడానికి మమ్మల్ని చూశారు.

#13 చెవులే చూపు

నాకు చూపు లేదు. పైన చేతులతో మాట గారు రాసింది చదివించుకుని చాలా సంతోషించాను. మా ఇద్దర్నీ ఒకే రాఫ్టులో వేస్తే నేను వింటాను, వారు చూస్తారు.

అమెరికాలో లోనీ బెడ్‌వెల్ అనే చూపులేని మాజీ నావికాదళ సైనికుడు 2013లో కొలరాడో నది మీద గ్రాండ్ కాన్యన్ లోయని ఒక్కరే కూర్చునే కయాక్‌లో దాటారు, ముందు వెళ్తున్న గైడ్ల గొంతు వింటూ. ఆయన వెళ్లింది పాత గైడు గారు చెప్పిన టీమ్ రివర్ రన్నర్ వాళ్లతోనే. 2001లో ఎవరెస్ట్ ఎక్కిన, ఆయనలాగే చూపులేని ఎరిక్ వైహెన్‌మేయర్ 2014లో బెడ్‌వెల్‌తో కలిసి అదే దారిలో 277 మైళ్లు వెళ్లారు. వైహెన్‌మేయర్‌కి గైడ్లు రేడియోలో దిక్కులు చెప్పారు. నేను అంతటివాణ్ని కాదు. కానీ రాఫ్టులో ముందు కుడిపక్క కూర్చుని, ‘పదకొండు గంటల వైపు అల’ అని గైడు చెబుతుంటే తెడ్డు వేస్తాను. గడియారం ముల్లులా చెబితే నాకు చాలు. ‘అదిగో అటు’ అంటే నాకేమీ తెలియదు.

సంస్థలు పెరిగేటప్పుడు సీజన్‌కొక కొత్త గైడు వస్తాడు. ప్రతిసారీ మళ్లీ ‘అదిగో అటు’ దగ్గరే మొదలుపెట్టాలి. పాత గైడ్లు ఉండిపోయేలా ఏదైనా చేయండి. నా నమ్మకం ఒక గొంతు మీద ఉంటుంది, సంస్థ పేరు మీద కాదు.

#14 పద్దుల పుస్తకం

చెవులే చూపు గారి మాటకి డబ్బు రూపం ఉంది. సీజన్ గైడ్లు ఉండిపోవాలంటే మిగతా నెలల్లో కూడా వాళ్లకి పని, జీతం ఉండాలి. చలికాలంలో కొలను సాధన, పాఠశాలల్లో పరిచయం, పరికరాల మరమ్మతు. దాతకి రాసే ఉత్తరంలో మొదటి వాక్యం ఇదే పెట్టమంటాను.

#15 రెండు చక్రాలు

దాతతో మాట్లాడేటప్పుడు ఇంకో రెండు వస్తాయి, ముందే చెప్పి ఉంచుతాను.

ఒకటి, ‘చాపలూ పలకలూ వేస్తే నది సహజత్వం పోదా’ అనేవాళ్లుంటారు. అమెరికాలో ఈ వాదనకి 1990 నాటి వైకల్య హక్కుల చట్టంలోనే జవాబుంది. 1964 వన్యప్రాంతాల చట్టం వీల్‌చైర్‌ని అడ్డుకోదని అందులో స్పష్టంగా రాశారు. దాంతోపాటే, కుర్చీ కోసం అక్కడ కట్టడాలు కట్టాల్సిన పని కూడా లేదని రాశారు. అంటే నన్నెవరూ ఆపకూడదు, నాకోసం ఎవరూ దారీ వేయక్కర్లేదు. ఆ మధ్యలో మిగిలిన ఖాళీని నింపేది మీలాంటి సంస్థలే. చుట్టి తెచ్చి, పరిచి, మళ్లీ చుట్టి తీసుకెళ్లే చాపలతో. సాయంత్రానికి ఒడ్డు మీద గుర్తు కూడా మిగలదు. ఐక్యరాజ్యసమితి 2006 ఒప్పందం 30వ అధికరణం వినోదం, క్రీడల్లో మా భాగస్వామ్యాన్ని హక్కుగానే చెప్పింది. ఆ మాట దాతకి వినిపించండి.

రెండు, ఫొటోలు. విరాళాల కోసం నన్ను ఎత్తుతున్న ఫొటో వాడకండి. అది చూసినవాళ్ల నోట మొదట వచ్చేది ‘పాపం’. ఆ మాటకి డబ్బులొస్తాయి, నాకు తెలుసు. కానీ అదే ఫొటో చూసి ట్రిప్పుకి రావాలనుకున్న ఇంకో కుర్చీ మనిషి వెనక్కి తగ్గుతాడు. తెడ్డు వేస్తున్న ఫొటో పెట్టండి.

#16 ఫిజియో గది

చిన్న చేర్పు. ఎత్తాల్సిన పరిస్థితి అప్పుడప్పుడూ వస్తుంది, తప్పదు. అప్పుడు ఎత్తించుకునే మనిషే లెక్క చెప్పాలి. ‘మూడు అనగానే ఎత్తండి’ అని వాళ్లు అంటేనే చేతులు కదలాలి. మా వాలంటీర్లకి మొదటిరోజు నేర్పేది ఇదొక్కటే.

#17 తెడ్డు చప్పుడు

మూడు వారాలు గడిచాయి. జరిగింది చెబుతాను.

మీ జవాబులన్నీ బోర్డుకి చదివి వినిపించాను. ఇద్దరు ఇప్పటికీ రెండో నదే కావాలంటున్నారు. వాళ్ల వాదన కూడా తేలిగ్గా తీసేసేది కాదు, పాత గైడు గారు మొదట అన్న మాటే, ఎదురుచూడలేనివాళ్లు ఉంటారని. దాతని కలిశాం. ఇద్దరు గైడ్లకి ఏడాది పొడవునా జీతం, ఇళ్లకి ఫోన్ చేసి మాట్లాడటానికి ఒక మనిషి, ఒడ్డుకి చాపలు, పలకలు అడిగాం. ఒక రాఫ్టు చాలన్నాం. వారు మొదట ఆశ్చర్యపోయారు. రాఫ్టు మీద పేరు రాయొచ్చు, జీతం మీద రాయలేం కదా అన్నారు. ఒడ్డున అమ్మ గారి పోస్టు వారి చేతికిచ్చాను. చదివి, ఒక గైడు జీతం, చాపలు, ఫోన్ మనిషి ఒప్పుకున్నారు. రెండో గైడు సంగతి తర్వాత చూద్దామన్నారు. రెండో నది గడువు ఒక ఏడాది పొడిగించారు, షరతు మాత్రం తీసేయలేదు.

‘సామాను’ మాట అన్న ఆ పెద్దాయనకి మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి ట్రిప్పుకి రమ్మని పిలవలేదు. మా ఒడ్డు ఎలా ఉండాలో వచ్చి చూసి చెప్పమని అడిగాను, ఆ పనికి డబ్బిస్తామన్నాను. ఆలోచించుకుని చెబుతానన్నారు. నిన్న కబురు చేశారు, వస్తున్నారు.

వచ్చే ఆదివారం ఆయనతో కలిసి పాత ఒడ్డుకి, తర్వాత రెండో నది ఒడ్డుకి వెళ్తున్నాం. రెండు చక్రాలు గారూ, మేం ఏమేం కొలుచుకు రావాలి?

#18 రెండు చక్రాలు

వ్యాను తలుపు నుంచి నీటి అంచుదాకా దూరం. వాలు. పన్నెండు అడుగుల పొడవుకి ఒక అడుగు ఎత్తు దాటితే ఒంటరిగా తోసుకోవడం కష్టం, అంతకు మించిన చోటల్లా గుర్తు పెట్టుకోండి. నేల గట్టిదా, ఇసుకా, రాళ్లా అనేది అడుగడుక్కీ రాసుకోండి. నీడ ఎక్కడుందో, టాయిలెట్ తలుపు వెడల్పు ఎంతో చూడండి.

రెండో నది డ్యాం కింద ఉందా? అయితే టేపు రెండుసార్లు తీయండి, నీళ్లు వదలకముందు ఒకసారి, వదిలాక ఒకసారి. నీరు తగ్గినప్పుడు మీ ముప్పై అడుగులు డెబ్బై కావచ్చు, వాలు కూడా మారుతుంది. టేపు ఒక కొస ఆ పెద్దాయన చేతికివ్వండి.